కొసరు పంపు

మా పంపుల బాబాయ్ పోయాడు. ఈ మాట నేను చెప్పినప్పుడు మొదట ఎవరూ నమ్మలేదు.

తప్పు వాళ్ళది కాదు. సత్తెనపల్లి రోడ్డు పక్కన సోడా బండి పెట్టుకుని, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ ఏడిపిస్తూ బతుకుతున్నవాణ్ణి నేను. మోటారుసైకిలు మీద జోరుగా పోతున్నవాణ్ణి చూసి, "అన్నా, నీ వెనక చక్రం తిరుగుతోంది చూసుకో!" అని కేకేస్తే, వాడు బండి ఆపి వంగి చూసుకునేవాడు. అలాంటి పనులు చేసిన నోటితో చావు కబురు చెబితే ఎవరు వింటారు?

ఆ రోజు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి, "బాబాయ్ లేవట్లేదురా, ఒకసారి రా" అంది. వెళ్ళాను. పక్కకి తిరిగి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు అలాగే ఉంది. చెయ్యి మాత్రం చల్లగా ఉంది. డాక్టరుగారు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

వాకిట్లోకి వచ్చి పిన్ని తమ్ముడు ఆంజనేయులికి ఫోన్ చేశాను. ఆయన మిరప చేలో ఉన్నాడు.

"మావయ్యా, బాబాయ్ పోయాడు."

"ఎక్కడికి?"

"పోయాడు మావయ్యా. చచ్చిపోయాడు."

"నీ నోట్లో నా చెప్పు! పొద్దున్నే ఇవేం జోకులురా? పెట్టెయ్ ఫోను."

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. చివరికి పిన్ని తన ఫోను నుంచి చేసి, మాట రాక ఏడిస్తేగానీ ఆయన చేలోంచి కదల్లేదు.

నా మాట విలువ ఇంత అని తెలిసి కూడా, బాబాయ్ పోయేముందు ఒక పని నా నెత్తినే పెట్టాడు. తను చేసిన పంపులో ఒక రహస్యం ఉంది. అది ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తను పోయాక దాన్ని రైతులకి నేనే చెప్పాలన్నాడు. చెబితే వాళ్ళు ఆయన్ని మోసగాడంటారేమో, అంతకన్నా ముఖ్యంగా పంపు పక్కన పారేసి పాత పద్ధతికి పోతారేమో అన్నది ఆయన భయం. ఆయన పోగానే ఆ భయం నాకు వచ్చింది. ఆ సంగతంతా ఎలా తేలిందో రాస్తున్నాను. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్ళీ అటు చూడనివాణ్ణి. మీరే సర్దుకుని చదువుకోవాలి.

బాబాయ్ కొట్టు నా బండికి ఆనుకునే ఉండేది. ఒక లేతు మిషను, ఒక బెంచీ, గోడకి మేకుల మీద వరసగా వాషర్లు. మందు కొట్టే ట్యాంకులు, నీళ్ళ మోటార్లు, డీజిలు ఇంజన్లు, ద్రవం అన్నది దేంట్లోంచి దేంట్లోకి పోవాలన్నా ఆ మిషను ఆయన దగ్గరికి వచ్చేది. మాకు చుట్టం కాదు. పక్కపక్క కొట్లవాళ్ళం కాబట్టి బాబాయ్ అయ్యాడు. నన్ను పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. "ఒరేయ్ సోడా" అనేవాడు, అంతే.

పంపు వస్తే వెంటనే విప్పేవాడు కాదు. ముందు స్క్రూడ్రైవరు కొన పంపు మీద పెట్టి, పిడికి చెవి ఆనించి వినేవాడు. డాక్టరు గుండె చూసినట్టే. ఒకసారి ఆయన అలా చెవి పెట్టి ఉండగా వెనక నుంచి వెళ్ళి ఆడగొంతుతో, "అబ్బా, నొప్పి!" అని మూలిగాను. బాబాయ్ కదల్లేదు. "వాల్వు అరిగింది, పైగా పక్కన వెధవ ఒకడున్నాడు" అన్నాడు.

"నీళ్ళకి అబద్ధం రాదురా" అనేవాడు. "సందుంటే పోతాయి, లేకపోతే ఆగుతాయి. మనుషులే, సందు లేకపోయినా పోతారు."

ఇంకో మాట కూడా అనేవాడు. "కనపడే లీకు మంచిది. కనపడనిదే కొంప ముంచేది."

ఆయన గురించి పిన్నికి ఒకే ఒక ఫిర్యాదు. ఆయనకి కొసరడగటం రాదు. మా వైపు కిలో వంకాయలు కొంటే పైన ఒక వంకాయ వెయ్యాలి. కూరలన్నీ సంచీలో పడ్డాక రెండు రెమ్మలు కరివేపాకు ఊరికే పడాలి. పడకపోతే బేరం పూర్తి కానట్టే. బాబాయ్ మాత్రం కిలో అంటే కిలో తెచ్చేవాడు.

"కొత్తిమీర కూడా అడగలేని మనిషితో కాపరం చేస్తున్నాను" అనేది పిన్ని, నాకు వినపడేలా.

"తూకం సరిగ్గా ఉన్నాక కొసరెందుకే?" అనేవాడు ఈయన.

"ఎందుకేంటి? వాడి మనసు తెలియడానికి!"

బాబాయ్ సంచీ అక్కడ పెట్టి కొట్టుకి వచ్చేసేవాడు. అయితే ఆ మాట ఆయన మనసులో ఒక మూల అలాగే ఉండిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు మూతల సంగతి చెప్పాలి. మిరపకి తామర పురుగు పట్టినా, పత్తికి దోమ పట్టినా, మందు కలపడానికి మా దగ్గర అప్పట్లో ఒకటే కొలత. మూత. "ట్యాంకుకి రెండు మూతలెయ్యి" అని ఒకరు చెబితే ఊరంతా రెండు మూతలే. ఏ డబ్బా మూత అని అడిగినవాడు లేడు. బాబాయ్ ఒకరోజు చేలగట్ల మీద పారేసిన మూతలన్నీ ఏరుకొచ్చి బెంచీ మీద పేర్చాడు. మందులషాపు నుంచి సూది సిరంజి తెచ్చి, ఒక్కోదాంట్లో నీళ్ళు పోసి కొలిచాడు.

"ఇటు చూడరా. ఇది అయిదు ఎమ్మెల్. ఇది పదిహేను. రెండిటి పేరూ మూతే. కోడిపిల్లనీ గేదెనీ కలిపి ఒకే పేరు పెట్టి పిలిచినట్టుంది."

"పెద్ద మూత ఉన్న డబ్బా కొంటే లాభమన్నమాట" అన్నాను.

"చావుకి లాభం" అన్నాడు. ఆయన నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. దానికి నెల ముందే ఆంజనేయులు చేలో పడిపోయాడు. మూతతో రెండు పోసి, పురుగు బాగా చావాలని పైన కొసరుగా ఇంకో రెండు పోసి, ముక్కుకి గుడ్డయినా లేకుండా ఎదురుగాలిలో కొట్టుకుంటూ పోయాడు. సాళ్ళ మధ్య బోర్లా పడి ఉంటే పక్క చేలో కూలీలు చూసి కేకలేశారు. బాబాయ్, నేనూ కలిసి ఆటోలో వేసుకుని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా నోట్లోంచి నురగ. బాబాయ్ ఆయన తలని ఒళ్ళో పెట్టుకుని ఒకే మాట అంటున్నాడు: "పొద్దున నేను బాగుచేసిన ట్యాంకేరా అది. నాజిలు నేనే మార్చాను. పొగలాగా కొడుతుందని మురిసిపోయాను."

ఆంజనేయులు బతికాడు. చేతులు మాత్రం అప్పట్నుంచీ వణుకుతాయి. టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కాకే. అంతయినా మనిషి మారాడా? ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే బాబాయ్ కొట్లో కూర్చుని, "కొసరు పడకపోతే పురుగు చావదు బావా" అన్నాడు.

"పురుగుతో పాటు నువ్వూ పోయేవాడివి కదరా!"

"పోలేదుగా?"

బాబాయ్ చేతిలో రెంచీ కింద పెట్టి బయటికి వచ్చాడు. నా బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజే మొదలుపెట్టాడనుకుంటాను, పంపు.

ఆయనకి కావలసింది చిన్నది. మందు డబ్బా మూతి మీద బిగించే చేతి పంపు. పిడి పైకి లాగితే లోపలి గొట్టం నిండాలి, కిందికి నొక్కితే అంతే మందు, చుక్క ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా ట్యాంకులో పడాలి. చెయ్యి వణికినా కొలత వణక్కూడదు. డబ్బా మీద ఎంత వెయ్యమని రాసి ఉంటే దానికి తగ్గట్టు పిడికి ఉన్న బెజ్జాల్లో పిన్ను మార్చుకోవాలి. లాగుడు పిన్ను దగ్గరే ఆగిపోతుంది. వినడానికి ఇంతే. చెయ్యడానికి ఏడాది పట్టింది.

కష్టమంతా వాల్వు దగ్గర వచ్చింది. మందు పైకి రావాలి, వెనక్కి పోకూడదు. దానికి లోపల ఒక బంతి కావాలి. రబ్బరు బంతి పెడితే మందు తాగి బోండాలాగా ఉబ్బింది. ఇనప బంతి పెడితే తుప్పు పట్టింది. ఒకరోజు నా చేతిలో సోడా సీసా జారి పగిలింది. కొట్లోంచి బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. నాకు కాలు తెగిందేమో అని కంగారుపడ్డాడనుకున్నాను.

"గోళీ ఏదిరా?"

"కాలు తెగింది బాబాయ్."

"కాలు ఎక్కడికీ పోదు. గోళీ ఎటు పోయింది?"

బండి కింద దూరి గోళీ తెచ్చుకున్నాడు. గాజుని ఏ మందూ తినదు, ఏ తుప్పూ పట్టదు. నా సీసాలో గ్యాసుని ఆపే గోళీ ఆయన పంపులో మందుని ఆపింది. కింద ఒకటి, పైన ఒకటి. అప్పట్నుంచీ నా దగ్గర ఏ సీసా పగిలినా ముందుగా సంతోషించేది ఆయనే. ఇవాళ వినుకొండ దాకా ఎన్ని ఊళ్ళలో ఆ పంపులున్నాయో, వాటిల్లో చాలావాటి కడుపులో నా గోళీలే దొర్లుతున్నాయి.

మొదటి పంపు తయారైన రోజు ఊరుకోలేక ఒక పని చేశాను. ఆయన నీళ్ళతో పరీక్ష చేసుకోవడానికి పెట్టుకున్న డబ్బాలో నీళ్ళు పారబోసి సోడా పోశాను. బాబాయ్ కళ్ళద్దాలు సర్దుకుని, పంపు బిగించి, పిడి లాగాడు. గ్యాసు తన్నుకొచ్చి రెండు గోళీలూ ఒకేసారి లేచాయి. సోడా మొత్తం మొహాన కొట్టింది. నేను బండి చక్రం పట్టుకుని నవ్వుతుంటే, ఆయన తడి కళ్ళద్దాలు అలాగే పెట్టుకుని పంపు వైపు చూస్తున్నాడు.

"ఎండలో పెట్టిన డబ్బాలో కూడా ఇలాగే గాలి ఉబ్బుతుంది కదరా" అన్నాడు. "అప్పుడు ఇది రైతు మొహాన కొట్టేది."

మర్నాడే పై గోళీ మీద చిన్న స్ప్రింగు పెట్టాడు. నేను చేసిన వెధవ పనుల్లో లోకానికి పనికొచ్చింది అదొక్కటే.

పంపులు పది చేసి తెలిసిన రైతులకి ఊరికే ఇచ్చాడు. వాడి చూడమన్నాడు. వారం తర్వాత మేమిద్దరం చేలవెంట తిరిగి చూద్దుము కదా, అందరూ పంపుతో సరిగ్గా ఒకసారి కొడుతున్నారు. కొట్టి, జేబులోంచి మూత తీసి, దాంతో కొసరు పోస్తున్నారు!

"అదేంటయ్యా, పంపు కొలిచే ఇచ్చిందిగా?" అన్నాడు బాబాయ్ ఒకాయనతో.

"ఇచ్చింది మేస్త్రీ. మా బాగా ఇచ్చింది. కానీ నీ పంపుకి కొసరు తెలీదు."

ఆంజనేయులైతే ఇంకో మాటన్నాడు. "చాలా పిసినారి పంపు బావా. సరిగ్గా నీలాగే చేశావు."

బాబాయ్ తిన్నగా కొట్టుకి వచ్చేశాడు. కొట్లో కూర్చుని, "కొలత ఇచ్చాను. దాని మీద కొసరు పోసుకున్నారు. అంతకు ముందే నయం" అన్నాడు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి. జోకు వేద్దామని నోరు తెరిచి, మూసేసుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళు ఆయన పని చెయ్యలేదు. నా బండి పక్కన స్టూలు వేసుకుని, నేను సోడా కలపడం చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు ఒక కొత్త గాజుగ్లాసు తెచ్చి, "ఇక నుంచి నాకు దీంట్లో పొయ్యి" అన్నాడు. దాని మీద అడ్డంగా రెండు సన్నటి గీతలున్నాయి.

"గీతలు పడ్డ గ్లాసు అంటగట్టారు నీకు బాబాయ్" అన్నాను.

"పడితే పడ్డాయిలే. పొయ్యి."

అలా ఒక పదిహేను రోజులు గడిచాయి. ఒక సాయంత్రం జనం పల్చబడ్డాక అడిగాడు.

"ఒరేయ్ సోడా, సుగంధి సోడా అడిగినవాడికి నువ్వు ముందు షరబత్తు పోస్తావు. 'ఇంకొంచెం పొయ్యవయ్యా' అనగానే, ధర్మప్రభువులాగా మొహం పెట్టి ఇంకొంచెం పోస్తావు. అవునా?"

"అవును. నా మనసు అలాంటిది."

"నీ మనసు సంగతి కాదు, నీ చెయ్యి సంగతి చెప్పు. ముందే తగ్గించి పోస్తున్నావు. ఆ తగ్గించిందే కొసరుగా కలుపుతున్నావు. మొత్తం మీద అందరికీ పడేది ఒకటే."

దొరికిపోయాను. ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు. తల గోక్కుని, "సరుకు ఒకటే బాబాయ్, సంతోషం అదనం" అన్నాను.

బాబాయ్ స్టూలు మీద నుంచి లేచాడు. నా భుజం మీద ఒక్కటి చరిచాడు. అది మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. లోపలికి వెళ్ళి లేతు ఆన్ చేశాడు.

అలా పుట్టింది కొసరు పంపు. గొట్టం పక్కన ఒక చిన్న గది, దానికొక బొత్తాం. పెద్ద పిడి నొక్కితే ముప్పై ఎమ్మెల్ పడాల్సిన చోట ఇరవై ఆరే పడుతుంది. మిగతా నాలుగూ పక్క గదిలో దాక్కుంటాయి. బొత్తాం నొక్కితే 'టిక్' అని ఆ నాలుగూ కంటికి కనపడేలా కారతాయి. రెండోసారి నొక్కితే టిక్ మాత్రమే వస్తుంది, సరుకు రాదు, ఇష్టం లేని చుట్టం "భోంచేసి వెళ్ళండి" అన్నట్టుగా.

"ఎవడన్నా బొత్తాం నొక్కడం మర్చిపోతే? మందు తక్కువ పడుతుంది కదరా" అన్నాడు బాబాయ్, అనుమానంగా.

"కొసరు మర్చిపోయే మనిషి మన నేల మీద పుట్టాడా బాబాయ్?"

మొదటి పంపు ఆంజనేయులికే ఇచ్చాడు. ఆయన వణికే చేత్తో పిడి నొక్కాడు. కొలత వణకలేదు. తర్వాత బొత్తాం నొక్కాడు. టిక్. ఆ కొసరు కారడం చూసి మొహం వెలిగిపోయింది. ఇంకోసారి నొక్కాడు. టిక్.

"ఆ! ఇదీ పంపంటే. ఇప్పుడు మనిషివయ్యావు బావా."

మూత గట్టు మీదికి విసిరేశాడు. బాబాయ్ వంగి ఆ మూత తీసుకుని జేబులో వేసుకున్నాడు. అది ఆయన కొట్లో మేకుకి చివరిదాకా వేలాడుతూనే ఉంది.

ఒకసారి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వచ్చి పంపు బొమ్మ గీసుకున్నారు. అన్ని భాగాలూ రాసుకుని, "ఈ పక్క బొత్తాం ఫంక్షన్ ఏంటి సార్?" అని అడిగారు. సార్ అన్నందుకే బాబాయ్ సిగ్గుపడిపోయాడు. "రైతు మనసు కోసం" అన్నాడు. వాళ్ళు దాన్ని ఇంగ్లీషులో రాసుకున్నారు. ఏమని రాసుకున్నారో మా ఇద్దరికీ తెలియదు.

పంపు ఊరూరా పాకింది. కానీ బాబాయ్‌కి మాత్రం ఒక ముల్లు గుచ్చుకునే ఉంది. "లోపల దాచి పైన ఇస్తున్నాం. ఇది మోసం కాదూ?" అని ఏడాదికొకసారైనా అడిగేవాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు కదా, అతకడమే నీ వృత్తి, ఇంక బాధేంటి అని నేను నవ్వేసేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. కొత్తిమీర కొసరు కూడా అడగలేని మనిషి, రైతులందరికీ దొంగ కొసరు పంచుతున్నానని కుమిలిపోయేవాడు.

పోయే నెల ముందు, నా బండి దగ్గర తన గ్లాసులో సోడా తాగుతూ చెప్పాడు.

"నేను పోయాక ఆ సంగతి నువ్వే చెప్పెయ్‌రా."

"నేనా? నా మాట ఎవడు నమ్ముతాడు బాబాయ్?"

"అందుకే నువ్వు. నమ్మితే మంచిది. నమ్మకపోతే ఇంకా మంచిది."

గ్లాసు కింద పెట్టి అన్నాడు. "మళ్ళీ మూతల్లోకి పోకుండా మాత్రం చూడు."

పదకొండో రోజు కర్మకి రైతులు చాలామంది వచ్చారు. సాగర్ కాలువ దగ్గర క్రతువు అయ్యాక, ఇంటి ముందు షామియానా కింద భోజనాలు పెట్టారు. కొందరు సంచుల్లో పంపులు కూడా తెచ్చుకున్నారు. ఇక మీదట వీటిని ఎవరు బాగుచేస్తారని వాళ్ళ బెంగ. చేతులు కడుక్కున్నాక నేను లేచి నిలబడి చెప్పేశాను. ఆ కొసరు కొసరు కాదని, అసల్లోంచి తీసిందేనని.

"మొదలెట్టాడ్రా" అన్నాడొకడు. "చావింట్లో కూడానా? సిగ్గుండాలి" అన్నాడు ఇంకొకడు.

మాటలతో లాభం లేదని ఆంజనేయులి పంపు తీసుకుని, బాబాయ్ స్క్రూడ్రైవరుతోనే విప్పాను. రెండు గోళీలు అరుగు మీద దొర్లాయి. పక్క గది చూపించాను. మళ్ళీ బిగించి, నీళ్ళు లాగి, సిరంజితో కొలిచి చూపించాను. పిడికి ఇరవై ఆరు. బొత్తానికి నాలుగు. అందరూ మెడలు సాచి చూస్తున్నారు. పిన్ని గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆంజనేయులు నా దగ్గరికి వచ్చాడు.

"అంటే ఇన్నేళ్ళూ నేను నొక్కింది కొసరు కాదా?"

"కాదు మావయ్యా. అసలే."

"మా బావ నన్ను మోసం చేశాడన్నమాట."

ఆంజనేయులు తన రెండు చేతులూ ముందుకు చాపి, అవి వణుకుతుంటే చూసుకున్నాడు.

"చేసేవాడు నేను చేలో పడకముందే చెయ్యాల్సింది" అన్నాడు. "ఈ చేతులు మిగిలేయి."

పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి వెనక నుంచి ఎవరో అడిగారు. "మరిప్పుడు ఆ బొత్తాం నొక్కాలా, వద్దా?"

"నొక్కకపోతే మందు తక్కువ పడిద్ది" అన్నాను.

"అయితే నొక్కాల్సిందేగా!"

అందరూ ఘొల్లున నవ్వారు. అప్పుడర్థమైంది నాకు. నిజం తెలిసిపోయినా పనిచేసేలాగే చేసి పెట్టాడు ఆ పంపుని. మూతల్లోకి పోవడానికి సందే వదల్లేదు.

నవ్వులు తగ్గాక ఆంజనేయులు కన్నీళ్ళు తుడుచుకుంటూ, "ఈ తెలివి మా బావకి ఎక్కడిదిరా?" అన్నాడు. నా సోడా సంగతి కూడా చెప్పక తప్పలేదు. తగ్గించి పోసి కొసరు కలపడం నా బండి విద్యే అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకోవడం ఆపి నా వైపు తిరిగాడు.

"ఒరేయ్ సోడా, మా బావ ఎవరి దగ్గరా కొసరడగడుగా?"

"అడగడు."

"నీ దగ్గర కూడా అడగలేదుగా?"

"లేదు..."

"అయితే ఇన్నేళ్ళూ ఆయనకొక్కడికే తక్కువ పోశావన్నమాట!"

మళ్ళీ అందరూ నవ్వారు. ఊరందరినీ ఏడిపించినవాణ్ణి దొరకబుచ్చుకున్నారు కదా, మరి. నేను కూడా నవ్వాలి. నవ్వు రాలేదు. చెయ్యి అలవాటుకొద్దీ తగ్గించి పోసేది, ఆయన అడిగేవాడు కాదు, నేను కలిపేవాణ్ణి కాదు. ఇంత చిన్న లెక్క నా బుర్రకి ఎన్నడూ తట్టలేదు.

అక్కడి నుంచి తిన్నగా బండి దగ్గరికి వచ్చాను. బాబాయ్ గ్లాసు బండి మీద బోర్లించి ఉంది. తీసి, ఎప్పటిలాగే కళ్ళు అటు తిప్పుకుని చేతి వాటంగా సుగంధి షరబత్తు పోశాను. అప్పుడు గ్లాసుని వెలుగులోకి ఎత్తి చూశాను. షరబత్తు సరిగ్గా కింది గీత మీద ఆగింది. వెంట్రుక తేడా లేదు. పై గీత దాకా ఖాళీ.

గీతలు పడ్డ గ్లాసు కాదు అది. ఆకురాయితో ఆయనే గీశాడు. నా చెయ్యి ఎంత పోస్తుందో, ఎంత దాస్తుందో ముందు స్టూలు మీద కూర్చుని అంచనా కట్టి, ఈ గీతలతో పదిహేను రోజులు సరిచూసుకున్నాడు. పంపు అయిపోయింది, పని తీరిపోయింది. ఆ తర్వాత కూడా అదే గ్లాసులో, రోజూ కింది గీత దాకానే తాగాడు. తెలిసే తాగాడు. ఒక్కరోజు "ఇంకొంచెం పొయ్యరా" అన్నవాడు కాదు.

ఇప్పుడు పొద్దున్నే బండి తియ్యగానే నేను కొట్టే మొదటి సోడా ఆ గ్లాసులోనే. షరబత్తు పై గీత దాకా పోస్తాను. మూసి ఉన్న ఆయన కొట్టు మెట్టు మీద పెట్టి నా పని నేను చూసుకుంటాను. ఎండెక్కేసరికి షట్టరు కింద నుంచి చీమలు బారుగా వస్తాయి. గ్లాసు ఎక్కి, పై గీత దాటి లోపలికి తొంగిచూసి, ఒక్కొక్కటీ తనకి పట్టినంతే తీసుకుని దిగిపోతాయి. ఏ ఒక్కటీ కొసరడగదు.